రెండు కోర్సులు చిన్నవాడు

అధ్యక్షుడు మారాడంటే రాజధాని అబూజా కంటోన్మెంటులో మొట్టమొదట మారేవి పలకరింపులు. మొన్నటిదాకా కారులోంచి చెయ్యి ఊపి సాగిపోయినవాడు ఇప్పుడు దిగి వచ్చి మరీ పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు అడుగుతాడు. కొత్తాయన మే నెలాఖరున ప్రమాణం చేశాడు. పాత సైన్యాధిపతి సామాన్లు సర్దుకుంటున్నాడు. కొత్తగా వచ్చేదెవరో ఇంకా తేలలేదు. అలాంటి రోజుల్లో మేజర్ జనరల్ అడకోలె ఎజెంబీని పలకరించకుండా పోయినవాడు లేడు.

పలకరించరా మరి! సర్వీసులో మిగిలినవాళ్లందరిలోకీ అతని కోర్సే పెద్దది. మా సైన్యంలో మనిషి ఎత్తును భుజం మీది నక్షత్రాలు చెప్పవు, కడూనా అకాడమీలో ఏ కోర్సుతో చేరాడన్నది చెబుతుంది. ముందు చేరినవాడు చచ్చేదాకా 'సర్'. వెనక చేరినవాడు తలనెరిసినా కుర్రాడే. ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ఎక్కడంటే, అధ్యక్షుడు ఎవరినైనా చిన్న కోర్సులోంచి లాగి సైన్యాధిపతి కుర్చీలో కూర్చోబెట్టాడనుకోండి, అతనికంటే ముందు కోర్సుల వాళ్లందరూ మూటాముల్లె సర్దుకోవాలి. ఇది ఏ చట్టంలోనూ లేదు. ఎవరూ పొమ్మనరు కూడా. కానీ అకాడమీలో తాము మిట్టమధ్యాహ్నం బురదలో పొర్లించి కప్పగెంతులు వేయించిన వాడికే రేపు లేచి నిలబడి సెల్యూట్ కొట్టడమంటే ప్రాణం పోయినంత పని. అందుకని విరమణ కాగితాలు వాటంతటవే వచ్చి పడతాయి. ఒక్క పేరు టీవీలో చదివితే చాలు, సాయంత్రానికి డజన్ల కొద్దీ జనరల్స్ మాజీలైపోతారు.

అడకోలెకి ఆ భయం పెద్దగా లేదు. ఈసారి కుర్చీ తనదేనని ఊరంతా అంటోంది, అతనూ మెల్లమెల్లగా నమ్మేశాడు. నమ్మక ఏం చేస్తాడు? మందుగుండు సరఫరా కాంట్రాక్టరు ఒకడు ముందుజాగ్రత్తగా ఓ గొర్రెపోతును పంపించాడు. అది వెనక పెరట్లో కట్టేసి ఉంది, వచ్చేపోయే జనరల్స్ మీద అరుస్తోంది. అటు ఒటుక్పోలో, అడకోలె సొంతూళ్లో, ఆడవాళ్లు డాన్సు ప్రాక్టీసు మొదలుపెట్టేశారట. కొత్త సైన్యాధిపతి భుజానికి బిళ్ల తగిలించేటప్పుడు ఒకవైపు అధ్యక్షుడు, ఇంకోవైపు భార్య నిలబడతారు. ఆ రోజుకని ఆకుపచ్చ లేసుగుడ్డ కొని దర్జీకి ఇచ్చింది అతని భార్య ఒచాన్యా. ఇచ్చిందే గానీ కత్తెర పెట్టొద్దంది.

"కత్తెర పెట్టనివ్వవెందుకే?" అన్నాడు అడకోలె.

"టీవీలో పేరు చదవనీ, ఎనె వాళ్ల నాన్నా. కత్తిరించాక గుడ్డని వెనక్కి అతికించలేం గదా."

పెద్దకూతురి పేరు పెట్టి మొగుణ్ణి పిలిచే ఆమె మాటతీరే అంత. అడకోలె పట్టించుకోలేదు.

ఆ వారంలోనే అధ్యక్ష భవనం నుంచి పిలుపు వచ్చింది. పిలిచింది అధ్యక్షుడు కాదు, మల్లం గిడాడో. అధ్యక్షుడికి చిన్ననాటి స్నేహితుడు. పదవంటూ ఏమీ లేదు గానీ ఆయన చెవిలో పడనిదే ఆ భవనంలో కుర్చీ కూడా జరగదని చెప్పుకుంటారు. సన్నగా, తెల్లటి జుబ్బాలో ఉన్నాడు. అతిథులకి మర్యాదగా పెట్టే కోలా కాయ చీల్చి చెరోముక్కా తీసుకున్నాక, తీరిగ్గా నములుతూ అడిగాడు.

"జనరల్, మీ వెనక వరసలో వస్తున్నవాళ్లలో కళ్లు మూసుకుని సైన్యాన్ని ఎవరి చేతిలో పెట్టొచ్చంటారు?"

అడకోలె గుండె గంతులేసింది. ఈ ప్రశ్న అతనికి కొత్త కాదు. అధిపతి కాబోయేవాణ్ణి పిలిచి, నీకు రెండోవాడిగా ఎవరు కావాలని అడగడం మామూలే. పెళ్లికొడుకు తనే అని ఖాయం చేసుకుని, తోడుపెళ్లికొడుకు సంగతి అడుగుతున్నారనుకున్నాడు. కుర్చీలో కొంచెం వెనక్కి జారి కూర్చున్నాడు.

"హబీలా మంజా, బాబా. నాకంటే రెండు కోర్సులు చిన్న. వాడి తర్వాతే ఎవరైనా."

"అంత గట్టివాడా?"

ఇక అడకోలె ఆగలేదు. కింద ఉన్నవాణ్ణి మెచ్చుకోవడానికి ఎవరికి మాత్రం ఏం ఖర్చు? పైగా అదంతా నిజం. ఈశాన్యం యుద్ధంలో సిపాయిలు తిన్నాక గానీ హబీలా పళ్లెం ముట్టడని చెప్పాడు. డుంబా స్థావరం సంగతి చెప్పాడు. ఆ ఏడాది వానలకి రోడ్డు కొట్టుకుపోయి తూటాల లారీలు దారిలోనే ఆగిపోయాయి. శత్రువు మూడువైపులా ఉన్నాడు. హబీలా తన మనుషుల్నీ, ఊళ్లో ముసలీముతకనీ రాత్రికి రాత్రి పొదల దారిన నడిపించుకుని బయటికొచ్చాడు. గాయపడినవాళ్లని వీపున మోయించాడు, తనూ ఒకణ్ణి మోశాడు. స్థావరం వదిలేసి పారిపోయాడని తర్వాత పెద్ద గొడవ లేచింది.

"విచారణకి పెద్దని నేనే బాబా. ఒక్కొక్కణ్ణీ కూర్చోబెట్టి అడిగాను. వీసమెత్తు తప్పు లేదని నా చేత్తో నేనే రాశాను."

"ఇంతకీ లోపం ఏదీ లేదా మనిషిలో?"

"పెద్దవాళ్ల మొహం మీదే నిజం చెప్పేస్తాడు."

"అమ్మో, అది మామూలు లోపం కాదు" అని మల్లం గిడాడో పకపకా నవ్వాడు. గుమ్మందాకా వచ్చి సాగనంపాడు. అడకోలె కారులో కూర్చుని దారిపొడుగునా ఈల వేశాడు.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆమె చిలగడదుంప తొక్క తీస్తూ విన్నది.

"నువ్వు వచ్చాక ఏం చేస్తావని అడిగారా?"

"లేదు."

"ఒంట్లో ఎలా ఉందని? పిల్లలెంతమందని?"

"లేదే. అవన్నీ వాళ్లకి తెలుసు."

"నిన్ను చూసుకోడానికి పిలిచి, మాట్లాడినంతసేపూ పక్కింటివాడి గురించి అడిగారన్నమాట." ఆమె చాకు పక్కన పెట్టింది. "ఎనె వాళ్ల నాన్నా, నువ్వు నీ నోటితో నీ కుర్చీ ఇంకొకడికి ఇచ్చొచ్చావు."

"నీకు ఆర్మీ సంగతులు తెలీవు, ఊరుకో."

"నాకు తెలీదా! పెళ్లయిన దగ్గర్నుంచీ ఎవరి పెళ్లాం వెనక ఎవరు కూర్చోవాలో లెక్కలేసుకుంటూ బతికినదాన్ని. నాకే తెలీదూ!"

ఆ మాటకి అతను నవ్వేశాడు. కానీ ఒచాన్యా అన్నది తప్పని తేల్చడానికి మల్లం గిడాడో మాటలన్నీ మళ్లీ మళ్లీ తిరగేశాడు. ఎక్కడా పట్టు దొరకలేదు.

శుక్రవారం సాయంత్రం ఎప్పటిలాగే కోర్స్‌మేట్లిద్దరూ వచ్చారు. ఒబియోరా లావుగా, గట్టి గొంతుతో ఉంటాడు. అకిన్‌లాబి సన్నటివాడు, ప్రతిదానికీ కళ్లజోడు తుడుచుకుంటాడు. ఈ ముగ్గురూ ఒకే గదిలో మంచాలు పంచుకుని అకాడమీ దాటినవాళ్లు. మేక మాంసం పెప్పర్ సూప్ గిన్నెలు ముందు పెట్టింది ఒచాన్యా. ఒబియోరా చెంచా ముట్టలేదు.

"విన్నావురా? హబీలా పేరు పైకి వెళ్లిందట."

"ఏ హబీలా?" అన్నాడు అడకోలె, తెలిసే.

"ఎంతమంది హబీలాలున్నార్రా మనకి? మనం కప్పగెంతులు వేయించిన పొడుగు హబీలా! వాడొస్తే మన కోర్సు, మన వెనక కోర్సు ఊడ్చిపెట్టుకుపోతాయి. నాకింకా సర్వీసు ఉందిరా బాబూ. మా ఊరు ఎనుగులో ఇల్లు పునాదుల్లోనే ఉంది."

"ఎవడో మనవాళ్లలోనే ఉన్నాడు" అన్నాడు అకిన్‌లాబి కళ్లజోడు తుడుస్తూ. "బయటివాళ్లకి వాడి పేరెలా తెలుస్తుంది? మన కొంప ముంచడానికే ఎవడో పనిగట్టుకుని చెప్పాడు."

"వాడెవడో నా చేతికి చిక్కాలి! ఆ మంత్రగాడు, ఆ పాము, ఆ..."

అడకోలెకి కారం గొంతులో అడ్డం పడింది. దాచి లాభం లేదనిపించింది.

"నేనేరా చెప్పింది."

ఇద్దరూ అతన్నే చూశారు.

"మల్లం గిడాడో పిలిచాడు. వెనకవాళ్లలో ఎవరు గట్టివాడని అడిగాడు. నేను అధిపతినైతే నా కింద ఎవరని అడుగుతున్నాడనుకున్నా. హబీలా అన్నాను."

ఒబియోరా మొహం చూస్తుంటే తిట్లు దారి తప్పినట్టున్నాయి. గిన్నె పక్కకి నెట్టి అడిగాడు.

"నిన్నెప్పుడు పిలిచాడు?"

"మంగళవారం."

"నన్ను బుధవారం పిలిచాడు."

"నిన్నా?"

"కోలా కాయ పెట్టాడు. అదే అడిగాడు." ఒబియోరా గొంతు సన్నబడింది. "కుర్చీ నాదేననుకున్నాన్రా. నేనూ హబీలా పేరే చెప్పాను. వాడుంటే పనంతా వాడే చేస్తాడు, మనం హాయిగా ఉండొచ్చని..."

ఇద్దరూ కలిసి అకిన్‌లాబి వైపు తిరిగారు. అకిన్‌లాబి కళ్లజోడు తుడుస్తూనే ఉన్నాడు, తుడుస్తూనే ఉన్నాడు.

"గురువారం" అన్నాడు చివరికి. "చచ్చేంత పొగిడొచ్చాను."

ఎవరికి వాళ్లు తామే పెళ్లికొడుకులనుకుని ముగ్గురూ ఒకణ్ణే తోడు పంపారు. ఇప్పుడు పందిట్లో వాడొక్కడే మిగిలేలా ఉన్నాడు. ఒబియోరా నవ్వడం మొదలుపెట్టాడు. మిగతా ఇద్దరూ కూడా నవ్వారు, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఒచాన్యా వంటింట్లోంచి తొంగి చూసి, ఈ మగాళ్లకి పిచ్చెక్కిందనుకుని లోపలికి పోయింది.

నవ్వు ఆగింది.

"పేరు రేపు చదువుతారట" అన్నాడు అకిన్‌లాబి. "ఇంకా టైముంది."

"దేనికి?"

"డుంబా ఉంది కదా. విచారణ చేసింది నువ్వు. నేనో, వీడో ఏదైనా అంటే కడుపుమంట అంటారు. నువ్వంటే వింటారు."

"అందులో తప్పేం లేదురా. ఒట్టు."

"తప్పుందని ఎవడనమన్నాడు? అనుమానం చాలు. అనుమానం ఉన్నవాణ్ణి ఏ అధ్యక్షుడు తీసుకుంటాడు? వాడు పక్కకి పోతే ఆ కుర్చీ నీది, మా సర్వీసు మాది. నువ్వొచ్చాక వాణ్ణి పిలిచి పక్కన పెట్టుకో, ఎవరొద్దన్నారు? వాడికి పోయేదేమీ లేదు. ఓ ఏడాది ఆగుతాడంతే."

ఈ చివరి మాట అడకోలెకి నచ్చింది. తప్పు చేయబోయే మనిషికి కావలసింది అలాంటి ఒక్క మాటే. వాణ్ణి నేనే పైకి తెస్తాను, నా తర్వాత కుర్చీ వాడిదే, అనుకున్నాడు. ఫోను తీసుకుని మల్లం గిడాడోకి కలిపాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు గానీ మిగతా ఇద్దరూ ముందుకి వంగి ఊపిరి కూడా వదలడం లేదు.

"బాబా, ఆ రోజు హబీలా గురించి చెప్పాను కదా..."

"చెప్పారు, జనరల్. బాగా చెప్పారు."

"ఆ డుంబా విషయం..."

"మీరు విచారించినదే కదా. మీరు రాసింది తప్పా?"

అడకోలె చెమట తుడుచుకున్నాడు. తప్పంటే తన రాతే దొంగరాత అవుతుంది.

"తప్పు కాదు బాబా. రాయనివి కొన్ని ఉన్నాయి."

అవతల కోలా కాయ కొరికిన చప్పుడు వినిపించింది.

"ఆహా" అన్నాడు మల్లం గిడాడో. "సంతోషం జనరల్. పడుకోండి."

ఒబియోరా అతని వీపు చరిచాడు. సూప్ చల్లారిపోయిందని మళ్లీ వేడి చేయించుకుని తాగి వెళ్లారు. ఒచాన్యా వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. గిన్నెలు తీసింది, బల్ల తుడిచింది, మొగుణ్ణి అక్కడే వదిలి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం టీవీలో పేరు చదివారు. అది అడకోలె పేరు కాదు, హబీలా పేరు కూడా కాదు. ఇగ్బినోబా అనే ఎవరో! అడకోలె రెండోసారి చదివేదాకా ఆగాడు. అప్పటికే ఫోను మోగింది.

"ఎవడ్రా వాడు?" ఒబియోరా అరుస్తున్నాడు.

"తెలీదు."

"మనం అకాడమీ దాటి వచ్చేశాక చేరినవాడట్రా! వాడి మొహం కూడా మనం చూడలేదు!"

అధ్యక్షుడు ఎన్నో కోర్సులు కిందికి దిగిపోయాడు. అడకోలె కోర్సు పోయింది, దాని వెనకది పోయింది, హబీలా కోర్సు పోయింది, దాని వెనకవీ పోయాయి. ఎంతమంది జనరల్స్ ఇంటికి వెళుతున్నారో పత్రికలవాళ్లు తలో లెక్క వేశారు. మల్లం గిడాడో ఏమన్నాడన్నది కూడా మెల్లగా బయటికొచ్చింది. ఎజెంబీ మొన్న పొగిడిన నోటితోనే నిన్న బురద చల్లాడు, ఆ వరసలో వాళ్ల మాట నమ్మి ఎవరినీ తీసుకోవద్దు, వాళ్ల గాలి సోకనంత కిందకి పోయి చూడండి, అన్నాడట.

సాయంత్రం కాంట్రాక్టరు మనిషి వ్యాను వేసుకొచ్చాడు. చిన్న పొరపాటు జరిగింది మేడమ్, వేరే ఇంటికి ఇవ్వాల్సింది ఇక్కడ ఇచ్చాం, అని నసిగాడు.

"తీసుకెళ్లు నాయనా" అంది ఒచాన్యా. "వారంరోజులుగా దానికి దాణా పెట్టలేక చస్తున్నా. ఇగ్బినోబా ఇంటికి దారి తెలుసా, చెప్పనా?"

అడకోలె గదిలోంచి బయటికి రాలేదు. విరమణ కాగితం రాసి పంపేశాడు. కుర్చీ పోయినందుకు ఏడవాలో, చెప్పిన మాటకి ఏడవాలో అతనికి తేలలేదు. కుర్చీ దక్కి ఉంటే ఆ మాట ఈపాటికి మరిచిపోయేవాడు. దక్కలేదు కాబట్టి అది గొంతులో ముల్లులా కూర్చుంది. హబీలాకి ఫోను చేద్దామని ఎన్నోసార్లు తీశాడు, ముఖం చెల్లక పెట్టేశాడు.

ఆదివారం చర్చి వదిలాక హబీలాయే వచ్చాడు. యూనిఫారం లేదు. బూడిదరంగు జుబ్బాలో ఇంకా పొడుగ్గా, ఎవరో బడిపంతులులా ఉన్నాడు. గుమ్మంలో చెప్పులు విడిచి అడకోలె ముందు బిర్రబిగిసి నిలబడ్డాడు.

"గుడ్ ఆఫ్టర్నూన్, సర్."

"కూర్చో హబీలా. నీకూ..." అన్నాడు అడకోలె. మాట పూర్తి కాలేదు.

"అవును సర్. నిన్ననే రాసిచ్చాను."

ఒచాన్యా దంచిన యామ్ దుంప ముద్ద, వాళ్ల ఊరివైపు చేసే ఒకొహో సూప్ తెచ్చి పెట్టింది. హబీలా మారు అడిగి మరీ తిన్నాడు. ఈశాన్యంలో ఇలాంటి ముద్ద దొరకదు మేడమ్ అన్నాడు. ఆమె అతని ముందు నిలబడలేక నీళ్లు తెచ్చే వంకతో లోపలికి వెళ్లింది. అతను చెయ్యి కడుక్కుని తుడుచుకున్నాడు. ఆ తర్వాత మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"సర్, ఒక్క విషయం అడగడానికి వచ్చాను."

"అడుగు."

"శుక్రవారం రాత్రి భవనం నుంచి ఫోను వచ్చింది. డుంబాలో రాయకుండా వదిలేసింది ఏమైనా ఉందా అన్నారు. నాకు తెలిసి లేదు, జనరల్ ఎజెంబీని అడగండి, ఆయన ఉన్నది ఉన్నట్టు చెబుతారు అన్నాను." మోకాళ్ల మీది చేతులు చూసుకున్నాడు. "ఆ మాట అన్నది ఆయనే అని వాళ్లు చెప్పారు సర్."

అడకోలె కాలి కింది చాప వైపు చూస్తున్నాడు. హబీలా గొంతులో కోపం ఉంటే బాగుండునని అతనికి అనిపించింది. వెతికాడు, లేదు.

"మీరు ఊరికే అనరు. అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు సర్. ఆ దారంతా మనసులో మళ్లీ నడిచాను. వాగు దాటేటప్పుడు తలలు లెక్కపెట్టించాను. పొద్దున్న మళ్లీ లెక్కపెట్టించాను. సిపాయిల లెక్క సరిపోయింది. ఊళ్లోవాళ్లదే... ముసలివాళ్లు, పసిపిల్లలు, చీకటి. నాకు తెలీకుండా ఏదో జరిగి ఉంటుంది. అది మీకు విచారణలో తెలిసి, నా మీద దయతో రాయకుండా వదిలేసి ఉంటారు. ఉద్యోగం పోయింది కదా సర్, ఇప్పుడు చెప్పడానికేముంది? అదేమిటో నాకు చెప్పండి."

వంటింట్లో నీళ్ల చప్పుడు ఆగిపోయింది. అడకోలె తలెత్తాడు. ఎదురుగా ఉన్న మనిషి కళ్లు నిద్రలేక ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. చెప్పకపోతే ఇతను బతికినన్నాళ్లూ ఆ పొదల దారిలో నడుస్తూనే ఉంటాడని అర్థమైంది.

"ఏమీ లేదు హబీలా."

"సర్, నేను తట్టుకోగలను."

"రాయనిదంటూ ఏమీ లేదు. కుర్చీ కోసం అబద్ధం చెప్పాను."

తిడతాడనుకున్నాడు అడకోలె, కొట్టినా బాగుండుననుకున్నాడు. హబీలా భుజాలు మెల్లగా కిందికి జారాయి. రెండు చేతులతో మొహం తుడుచుకుని గట్టిగా ఊపిరి వదిలాడు.

"అమ్మయ్య" అన్నాడు. "ఎవరినో వదిలేసి వచ్చాననుకున్నాను."